బంగారానికి పదకొండు మంది చాలరు!

* భారత ఫుట్‌బాల్‌కు రెండు ఆసియా స్వర్ణాలు తెచ్చింది ఒక హైదరాబాదీ బడిపంతులు
* తొలి మ్యాచ్‌లో ఓడి, ఫైనల్లో అదే జట్టును ఓడించిన 1962 కథ
* ధర్మపురి మైదానంలో పిల్లలు అడిగిన ప్రశ్నకు జవాబు ఇదీ

ధర్మపురి: సాయంత్రం అయిదు దాటింది. ఎండ తగ్గింది. బడి వదిలి గంటయినా ఆ పిల్లలు ఇళ్లకు పోలేదు. ఎర్రమట్టి మైదానంలో అటు రెండు రాళ్లు, ఇటు రెండు రాళ్లు. అవే గోల్‌పోస్టులు. పదిహేను మంది దాకా ఉన్నారు. బూట్లున్నవాళ్లు నలుగురే. మిగతావాళ్లవి ఒట్టి కాళ్లే. ఇళ్లలో తెలుగు, బళ్లో తమిళం, మైదానంలో రెండూ కలగలిపి అరుపులు. 'ఇక్కడ తోయ్‌రా', 'పాస్ పోడు డా'... బంతికి మాత్రం రెండు భాషలూ తెలిసినట్టే ఉంది!

ఆట ఆగాక నీళ్లు తాగుతూ ఓ కుర్రాడు అడిగాడు. ''సార్, మన దేశం ఫుట్‌బాల్‌లో ఎప్పుడన్నా కప్పు గెలిచిందా?''

''గెలిచింది. ఆసియా క్రీడల్లో రెండుసార్లు బంగారు పతకం. 1951లో ఒకటి, 1962లో ఇంకొకటి'' అంటే వాడు నమ్మలేదు. ''సుమ్మా చెప్తాండారు సార్ మీరు'' అని నవ్వేశాడు. గెలిపించిన కోచ్ హైదరాబాద్ వాడంటే అసలే నమ్మలేదు. పక్కనే గట్టు మీద కూర్చున్న రిటైరైన పీటీ మాస్టారు మాత్రం తల ఊపారు. ''నిజమేరా అబ్బయ్యా. మా కాలంలో ఆ పేర్లు రేడియోలో వినేవాళ్లం'' అన్నారు.

ఆ పిల్లాడి అనుమానంలో తప్పేం లేదు. వాడు పుట్టాక భారత జట్టు ఆసియా స్థాయిలో పెద్ద కప్పు ఎత్తడం వాడు చూడలేదు. వాడి తండ్రీ చూడలేదు. మరి ఒకప్పుడు గెలిచిన జట్టు ఎలా గెలిచింది? ఒక దేశం ఫుట్‌బాల్ టోర్నీ గెలవాలంటే ఏమేం కావాలి? ఈ ప్రశ్నకు జవాబు వెతుక్కుంటూ బ్రెజిల్ దాకా పోనక్కర్లేదు. హైదరాబాద్ దాకా పోతే చాలు.

బడిపంతులే సేనాపతి

సయ్యద్ అబ్దుల్ రహీం 1909లో హైదరాబాద్‌లో పుట్టారు. వృత్తి ఉపాధ్యాయుడు. పిల్లలకు పాఠాలు చెప్పిన మనిషి పెద్దలకు ఆట నేర్పారు. అందరూ 'రహీం సాబ్' అనేవారు. 1950 నుంచి 1963లో కన్నుమూసే దాకా అటు హైదరాబాద్ సిటీ పోలీసు జట్టుకు, ఇటు భారత జట్టుకు ఆయనే పెద్ద దిక్కు.

అసలు రహస్యం ఇక్కడే ఉంది. హైదరాబాద్ సిటీ పోలీసు జట్టు బొంబాయిలో జరిగే రోవర్స్ కప్‌ను 1950 నుంచి 1954 దాకా వరుసగా అయిదేళ్లు గెలిచింది. ఏడాదంతా కలిసి ఆడే కుర్రాళ్లు. ఒకరి అడుగు ఒకరికి తెలుసు. ఎవరు ఎటు పరుగెత్తుతారో చూడకుండానే బంతి అందించగలరు. ఆ జట్టులోని నూర్ మహమ్మద్, అజీజుద్దీన్ లాంటివాళ్లే దేశం జట్టులోకీ వెళ్లారు. అంటే దేశం జట్టు ఒక్క నెల శిబిరంలో పుట్టలేదు. దాని వేళ్లు ఒక ఊరి మైదానంలో ఉన్నాయి.

రహీం సాబ్ శిక్షణలోనూ పంతులు గారి పద్ధతే కనిపిస్తుంది. కుర్రాళ్లకు బంతిని అంటిపెట్టుకుని గింగిరాలు తిప్పడమంటే మోజు. దానికి ఆయన చేసిన వైద్యం డ్రిబ్లింగ్ లేని పోటీలు. బంతి వచ్చిందా, ఇంకొకరికి ఇచ్చెయ్యాలి. అంతే. కుడికాలు వాటం ఉన్నవాడికి ఎడమకాలితో ఆడే అలవాటు చేయించేవారు. తిట్టి నేర్పలేదు, ఆటలోనే నిబంధన పెట్టి నేర్పారు.

పది గోల్స్ పాఠం

1951లో ఢిల్లీలో జరిగిన తొలి ఆసియా క్రీడల ఫైనల్లో భారత్ 1-0తో ఇరాన్‌ను ఓడించింది. గోల్ కొట్టింది సాహు మేవాలాల్. కెప్టెన్ శైలేన్ మన్నా. దేశం పండగ చేసుకుంది.

మరుసటి ఏడాదే చెంపదెబ్బ! 1952 హెల్సింకి ఒలింపిక్స్‌లో యుగోస్లావియా చేతిలో 10-1తో ఓటమి. మనవాళ్లలో చాలామంది ఆ చలిదేశంలో ఒట్టి కాళ్లతో ఆడారు. ధర్మపురి మైదానంలో ఎర్రమట్టి మీద ఒట్టికాళ్లు నడుస్తాయి గానీ ఒలింపిక్స్‌లో నడవవని ఆ రోజు తెలిసింది. ఆ తర్వాత దేశంలో బూట్లు తప్పనిసరి చేశారు.

ఇక్కడ గమనించాల్సింది ఒకటుంది. పది గోల్స్‌తో ఓడిన జట్టు కోచ్‌ను ఇంటికి పంపలేదు. ఆయన చేతికే మళ్లీ జట్టునిచ్చారు. ఫలితం నాలుగేళ్లకు వచ్చింది. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో ఆతిథ్య ఆస్ట్రేలియాను 4-2తో చిత్తుచేశారు. నెవిల్ డిసౌజా హ్యాట్రిక్ కొట్టాడు. ఒలింపిక్స్ ఫుట్‌బాల్ సెమీస్ చేరిన తొలి ఆసియా దేశం మనదే. సెమీస్‌లో మళ్లీ యుగోస్లావియాయే ఎదురై 4-1తో ఓడించింది. కాంస్యం పోరులో బల్గేరియా చేతిలో ఓడి నాలుగో స్థానంతో తిరిగొచ్చారు. అయినా 10-1 నుంచి 4-1కి దూరం ఎంతో చూడండి.

1960 రోమ్ ఒలింపిక్స్‌లో బలమైన హంగరీతో 2-1తోనే ఓడారు. ఫ్రాన్స్‌ను 1-1తో నిలువరించారు. పతకం రాలేదు. కానీ జట్టు తయారైంది.

జకార్తాలో పది రోజులు

1962 ఆగస్టు చివర్లో జకార్తా ఆసియా క్రీడలు మొదలయ్యాయి. దానికి ముందు హైదరాబాద్‌లోనే శిబిరం పెట్టి రహీం సాబ్ కుర్రాళ్లను సాన పట్టారు. కెప్టెన్ చునీ గోస్వామి. ముందు వరసలో పి.కె.బెనర్జీ, తులసీదాస్ బలరాం. వెనక కోటగోడలా జర్నైల్ సింగ్. గోలీ పీటర్ తంగరాజ్.

తొలి మ్యాచ్‌లోనే దక్షిణ కొరియా చేతిలో 2-0తో ఓటమి. 'అయిపోయింది కథ' అనుకున్నారంతా. అవలేదు. తర్వాత థాయ్‌లాండ్‌ను 4-1తో, జపాన్‌ను 2-0తో ఓడించారు. అవునండీ, ఇవాళ్టి అదే జపాన్! ఈలోపు థాయ్‌లాండ్‌తో ఆటలో జర్నైల్ సింగ్ తలకు గాయమై కుట్లు పడ్డాయి. తంగరాజ్‌కు జ్వరం పట్టుకుంది.

ఇక్కడే రహీం సాబ్ బుర్ర పనిచేసింది. తలకు కుట్లున్న మనిషి వెనక నిలబడి తలతో బంతులు కొట్టడం కష్టం. అలాగని అంత మొనగాణ్ని పక్కన కూర్చోబెట్టలేరు. జర్నైల్ కాలేజీ రోజుల్లో ఫార్వర్డ్‌గా ఆడేవాడని ఆయనకు గుర్తుంది. వెనక నుంచి తీసి ముందు వరసలో పెట్టారు. రక్షణ మధ్యలో అరుణ్ ఘోష్ నిలబడ్డాడు. సెమీస్‌లో తంగరాజ్ బదులు ప్రద్యుత్ బర్మన్ గోలీగా దిగాడు. దక్షిణ వియత్నాంపై 3-2తో గట్టెక్కారు. ముందుకొచ్చిన జర్నైల్ అందులో ఒక గోల్ కొట్టాడు.

సెప్టెంబరు 4న ఫైనల్. ప్రత్యర్థి మళ్లీ దక్షిణ కొరియానే. సెనయన్ స్టేడియంలో లక్ష మంది దాకా జనం. వాళ్లలో మనవైపు ఉన్నవాళ్లు వేళ్ల మీద లెక్కే. ఇజ్రాయెల్, తైవాన్‌లను ఆ క్రీడలకు రానివ్వకపోవడాన్ని మన దేశానికి చెందిన క్రీడాధికారి గురుదత్ సోంధీ తప్పుపట్టారు. దాంతో ఊరు ఊరంతా మన మీద కోపంగా ఉంది. స్టేడియంలో మనకోసం అరిచింది పాకిస్థాన్ హాకీ ఆటగాళ్లేనని తర్వాత మన ఆటగాళ్లు చెప్పుకున్నారు. ఆట అంటే అదీ!

ఫైనల్ ముందురోజు రహీం సాబ్ కుర్రాళ్లను కూర్చోబెట్టి తనకో కానుక కావాలని అడిగారట. ఆ కానుక బంగారు పతకం. 17వ నిమిషంలో పి.కె. కొట్టాడు. 20వ నిమిషంలో తలకట్టుతోనే జర్నైల్ కొట్టాడు. జ్వరం నుంచి లేచొచ్చిన తంగరాజ్ గోల్ కాశాడు. కొరియా ఆఖర్లో ఒకటి కొట్టినా 2-1తో భారత్ గెలిచింది. కానుక అందింది.

మరుసటి ఏడాది జూన్ 11న రహీం సాబ్ క్యాన్సర్‌తో కన్నుమూశారు. ఆయన తర్వాత భారత్ ఆసియా క్రీడల ఫుట్‌బాల్‌లో మళ్లీ స్వర్ణం చూడలేదు. 1970లో హైదరాబాదీ సయ్యద్ నయీముద్దీన్ కెప్టెన్సీలో వచ్చిన కాంస్యమే ఆఖరి పతకం.

గీతకు అటూ ఇటూ

సరిహద్దు జిల్లాల్లో ఉండేవాళ్లకు ఈ కథలో ఇంకో తీపి ఉంది. తంగరాజ్ పుట్టింది హైదరాబాద్‌లో. పెరిగింది సికింద్రాబాద్ క్లబ్బుల్లో. సైన్యంలో చేరి మద్రాస్ రెజిమెంటల్ సెంటర్‌కు ఆడాడు. నీలగిరి కొండల్లోని వెల్లింగ్టన్‌లో ఉన్న ఆ కేంద్రం జట్టు ఆయన కాలంలోనే 1955లో, 1958లో డ్యూరాండ్ కప్ ఎత్తింది.

బలరాంది తమిళ కుటుంబం. పుట్టింది సికింద్రాబాద్ పక్కన అమ్ముగూడలో. పేదరికం. శిక్షణకు నగరం దాకా వచ్చేందుకు సైకిల్ అద్దె కూడా చేతిలో లేకపోతే రహీం సాబే చూసుకున్నారని ఆయన తర్వాత తలచుకునేవారు. ఆ సైకిల్ మీద వచ్చిన కుర్రాడే మెల్‌బోర్న్‌లో ఆడాడు, రోమ్‌లో హంగరీ మీద గోల్ కొట్టాడు, జకార్తాలో బంగారం తెచ్చాడు. అనారోగ్యం వల్ల 1963లోనే ఆట మానుకోవాల్సి వచ్చింది. 2023 ఫిబ్రవరిలో కోల్‌కతాలో కన్నుమూశారు.

తమిళం మాట్లాడే ఇంటి పిల్లలు తెలుగునేల మీద ఆట నేర్చి దేశాన్ని గెలిపించారు. మరి తెలుగు మాట్లాడే ఇంటి పిల్లలు తమిళనేల మీద ఆట నేర్చి ఆ పని ఎందుకు చేయలేరు? మైదానంలో ఆ కుర్రాడికి చెప్పాల్సిన జవాబు ఇదే.

గెలుపు లెక్క ఏమిటి?

జకార్తా కథను ప్రపంచ కప్పుల పక్కన పెట్టి చూస్తే కొన్ని సంగతులు మళ్లీ మళ్లీ కనిపిస్తాయి.

మొదటిది- కలిసి పెరిగిన గుంపు. 2010లో స్పెయిన్ ప్రపంచకప్ గెలిచింది. ఫైనల్లో బరిలోకి దిగిన పదకొండు మందిలో ఆరుగురు బార్సిలోనా క్లబ్ అకాడమీలో పెరిగినవాళ్లే. మనకు హైదరాబాద్ పోలీసు జట్టు ఎలాగో, వాళ్లకు అది అలాగ.

రెండోది- ఓటమిని తట్టుకునే నిబ్బరం. ఆ స్పెయిన్ తొలి మ్యాచ్‌లో స్విట్జర్లాండ్ చేతిలో 1-0తో ఓడింది. 2022లో కప్పు గెలిచిన అర్జెంటీనా తొలి మ్యాచ్‌లో సౌదీ అరేబియా చేతిలో 2-1తో ఓడింది. 1962లో మనమూ అంతే. టోర్నీలో ఒక దెబ్బ తినడం నేరం కాదు. ఆ రాత్రి గదిలో ఒకరినొకరు నిందించుకుంటే మాత్రం మర్నాటికి జట్టు మిగలదు.

మూడోది- గట్టి వెనక గోడ. గోల్ కొట్టినవాడి ఫోటో పేపర్లో వస్తుంది గానీ కప్పు తెచ్చేది గోల్ ఇవ్వనివాళ్లే. 2010లో స్పెయిన్ ఏడు మ్యాచ్‌ల్లో కొట్టింది ఎనిమిది గోల్సే. ఇచ్చింది రెండే. నాకౌట్ మ్యాచ్‌లు నాలుగూ 1-0తోనే గెలిచింది. 2004లో ఎవరూ లెక్కచేయని గ్రీస్ యూరో కప్పును ఎత్తుకుపోయింది. క్వార్టర్స్, సెమీస్, ఫైనల్ మూడూ 1-0 గెలుపులే.

నాలుగోది- బెంచీ మీద కూర్చున్నవాళ్లు. టోర్నీలో అలసట, గాయాలు, జ్వరాలు తప్పవు. 1962లో అయిదు మ్యాచ్‌లు పది రోజుల్లో ఆడారు. బర్మన్ సిద్ధంగా లేకుంటే సెమీస్‌లో గోల్ ఎవరు కాస్తారు? జర్నైల్ రెండు పనులూ తెలిసినవాడు కాకపోతే గోల్ ఎవరు కొడతారు? పదకొండు మంది పేర్లు ఏ టీకొట్టు దగ్గరైనా చెబుతారు. పన్నెండోవాడు, పదమూడోవాడు ఎవరన్నదే కోచ్‌కు పరీక్ష.

అయిదోది, అన్నిటికన్నా కష్టమైనది- ఓపిక. జపాన్‌నే చూడండి. 1960లో జర్మనీ నుంచి డెట్‌మార్ క్రామర్ అనే శిక్షకుణ్ని పిలిపించుకుంది. 1962లో మన చేతిలో ఓడింది. అయినా ఆ దారి వదల్లేదు. 1965లో దేశవాళీ లీగ్ పెట్టింది. 1968 మెక్సికో ఒలింపిక్స్‌లో కాంస్యం కొట్టింది. అక్కడితో ఆగలేదు. 1993లో ప్రొఫెషనల్ లీగ్ మొదలుపెట్టింది. 1998లో తొలిసారి ప్రపంచకప్ ఆడింది. ఆనాటి నుంచి ఒక్క ప్రపంచకప్‌కూ దూరం కాలేదు. 2022లో జర్మనీని, స్పెయిన్‌ను ఒకే టోర్నీలో ఓడించింది. గురువునే మించిన శిష్యుడు!

జనాభా ఎక్కువ ఉంటే చాలదన్నదానికి ఐస్‌లాండ్ సాక్ష్యం. ఆ దేశ జనాభా ధర్మపురి జిల్లా జనాభాలో నాలుగో వంతుకన్నా తక్కువ. 2011 లెక్కల ప్రకారం మన జిల్లాలో 15 లక్షల మంది. అక్కడ 2016 నాటికి మూడు లక్షల పైచిలుకు. చలికాలం ఆడుకునేందుకు పైకప్పున్న మైదానాలు కట్టుకుని, చిన్నపిల్లలకు కూడా చదువుకున్న కోచ్‌లను పెట్టుకుని 2016 యూరో కప్‌లో ఇంగ్లండ్‌ను ఇంటికి పంపారు. 2018 ప్రపంచకప్‌లో ఆడారు.

మనం ఎక్కడున్నాం?

రహీం సాబ్‌కు పదమూడేళ్లు దొరికాయి. ఇప్పటి సంగతి చూడండి. 2024 జూన్‌లో ఇగోర్ స్టిమాచ్‌ను తప్పించారు. జులైలో మనోలో మార్కెజ్ వచ్చారు. ఏడాది తిరిగేసరికి ఆయనా వెళ్లారు. 2025 ఆగస్టులో ఖాలిద్ జమీల్ వచ్చారు. పద్నాలుగు నెలల్లో ముగ్గురు! 2024 జనవరిలో జరిగిన ఆసియా కప్‌లో మూడు మ్యాచ్‌లూ ఓడాం. ఒక్క గోల్ కొట్టలేదు. 2025 అక్టోబరులో సొంతగడ్డ గోవాలో సింగపూర్ చేతిలో 2-1తో ఓడి 2027 ఆసియా కప్‌కూ దూరమయ్యాం.

హైదరాబాద్ పరిస్థితీ అంతే. 2022లో హైదరాబాద్ ఎఫ్‌సీ ఇండియన్ సూపర్ లీగ్ గెలిస్తే పాత రోజులు తిరిగొచ్చాయనుకున్నారు. డబ్బు కష్టాల్లో పడిన ఆ జట్టు 2025లో పేరు మార్చుకుని ఢిల్లీకి తరలిపోయింది.

చీకట్లో ఒక దీపం ఆడపిల్లలదే. 2025 జులైలో భారత మహిళలు థాయ్‌లాండ్‌ను దాని గడ్డ మీదే 2-1తో ఓడించి 2026 ఆసియా కప్‌కు అర్హత సాధించారు. మగపిల్లలు మాత్రమే ఫుట్‌బాల్ ఆడాలనుకునే ఊళ్లు ఈ సంగతి ఓసారి చదువుకోవాలి. ధర్మపురి మైదానంలో ఆ సాయంత్రం ఒక్క ఆడపిల్లా కనిపించలేదు.

సైకిల్ అద్దె ఎవరిస్తారు?

మళ్లీ మైదానానికే వద్దాం. 2004లో కృష్ణగిరి విడిపోయాక ధర్మపురి చిన్న జిల్లా అయింది. పెద్ద క్లబ్బులు లేవు. బెంగళూరు, సేలం, చెన్నై... ఏ పోటీకి పోవాలన్నా బస్సు ఛార్జీలు కావాలి. పీటీ మాస్టారు ఉన్నమాట చెప్పారు. ''కాళ్లలో ఆట ఉండే పిల్లలు నా దగ్గరికి ఏటా ఇద్దరు ముగ్గురు వచ్చినారు నాయనా. పదో తరగతి దాకా ఆడతారు. ఆ తరువాత ట్యూషన్ అంటారు, లేదంటే కంపెనీలో పని అంటారు. నేనేమో ఆపలేను. ఆపితే వాళ్లింట్లో అన్నం నేను పెట్టల్ల గదా!''

దేశం జట్టు ఓడేది సింగపూర్ చేతిలో గోవాలో కాదు. ఇదిగో, ఇక్కడ, పదో తరగతి అయిపోయిన వేసవిలో. ఒక్కో ఊళ్లో ఇద్దరు ముగ్గురు చొప్పున, ఎవరికీ తెలియకుండా. ఆ ఓటమి స్కోరు ఏ పేపర్లోనూ రాదు.

అమ్ముగూడ కుర్రాడికి సైకిల్ అద్దె దొరకకపోయి ఉంటే జకార్తా జట్టులో బలరాం ఉండేవాడు కాదు. ఆ పైసలిచ్చింది ఫెడరేషన్ కాదు, ప్రభుత్వం కాదు, ఒక బడిపంతులు. అయితే పంతులు ఒక్కడే చాలడు. నేర్చుకున్న కుర్రాళ్లకు పోలీసు జట్టులో ఉద్యోగాలు దొరికాయి. ఉద్యోగం ఉంది గనుక ఇంట్లోవాళ్లు ఆడనిచ్చారు. ఆడనిచ్చారు గనుక దేశానికి బంగారం వచ్చింది. ఈ గొలుసులో ఏ కడియం తెగినా మిగతావి ఉండీ లాభం లేదు.

చీకటి పడుతోంది. పిల్లలు రాళ్లను తీసి పక్కన పెట్టి బయల్దేరారు. మొదట ప్రశ్న అడిగిన కుర్రాడు వెనక్కి తిరిగి మళ్లీ అడిగాడు.

''సార్, ఆయప్ప తలకు కుట్లతోనే గోల్ కొట్టినాడా?''

''కొట్టినాడు.''

''అట్లయితే నాకు బూట్లు లేకున్నా పర్వాలేదులే'' అన్నాడు.

పర్వాలేదు అనుకోవాల్సింది వాడు. మనం కాదు. ఒట్టి కాళ్లతో హెల్సింకి పోతే ఏమైందో వాడికి తెలియదు. మనకు తెలుసు.